మా కమ్యూనిటీ కాలేజీకి కొత్త ప్రెసిడెంట్ కావాలి: సెర్చ్ కమిటీలో ఏం చూడాలి, ఏం అడగాలి?

లెక్కల కృష్ణవేణి | టెక్సస్ | సోమవారం రాత్రి

అందరికీ నమస్కారం. నేను టెక్సస్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీలో (ఎక్కువగా రెండేళ్ల డిగ్రీలు, సర్టిఫికెట్లు ఇచ్చే స్థానిక కాలేజీ) లెక్కలు చెబుతాను. కమిటీ నియమాల వల్ల ఊరు, కాలేజీ పేరు రాయలేను. మా ప్రెసిడెంట్ ఈ విద్యా సంవత్సరం చివర్లో వెళ్లిపోతున్నారు. చదువుల వ్యవహారాలు చూసే వైస్ ప్రెసిడెంట్ ముందే వేరే రాష్ట్రానికి వెళ్లిపోయారు. ఆ సీట్లో ఒక డీన్ ఇంటరిమ్‌గా, అంటే తాత్కాలికంగా, నెట్టుకొస్తున్నారు. ఫైనాన్స్ చూసే పెద్దాయన రిటైర్ అవుతున్నారు. అంటే పైన మూడు కుర్చీలూ ఒకేసారి ఖాళీ.

ట్రస్టీల బోర్డు సెర్చ్ కమిటీ వేసింది. ఫ్యాకల్టీ తరఫున నన్ను పంపారు. ఒప్పుకున్నాక టెన్షన్ మొదలైంది. ప్రెసిడెంట్‌ను ముందు తీసుకుని మిగతా రెండూ ఆయనకో ఆమెకో వదిలేయాలా, మూడింటికీ ఇప్పుడే ప్రకటన ఇవ్వాలా? లోపలివాళ్లు అప్లై చేస్తే ఎలా చూడాలి? గంటన్నర ఇంటర్వ్యూలో మనిషి నిజంగా ఎలా తెలుస్తాడు?

"ఎవరొచ్చినా మన క్లాసు మారదు, ఎందుకింత హైరానా" అని మా డిపార్ట్‌మెంట్‌లోనే కొందరన్నారు. నేను ఒప్పుకోను. సాయంత్రం సెక్షన్లు ఉంచాలా తీసేయాలా, ట్యూటరింగ్ సెంటర్‌కు ఎన్ని గంటలు డబ్బివ్వాలి అనేది తేలేది ఆ పై గదుల్లోనే. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

శ్రీకర్ | రౌండ్ రాక్ | సోమవారం రాత్రి

కృష్ణవేణి గారూ, మంచి ప్రశ్న వేశారు. మా పాప ఆస్టిన్ కమ్యూనిటీ కాలేజీలో చదివింది. అప్పటి నుంచి బోర్డు మీటింగులు ఫాలో అవుతున్నాను.

రిచర్డ్ రోడ్స్ తప్పుకున్నాక మా బోర్డు 2023లో రసెల్ లోవరీ హార్ట్‌ను ఛాన్సలర్‌గా (ఇక్కడ కాలేజీ అధిపతి) తెచ్చుకుంది. ఆయన అంతకుముందు అమరిల్లో కాలేజీ ప్రెసిడెంట్. అక్కడ పిల్లలు మధ్యలో ఎందుకు మానేస్తున్నారో వాళ్లనే అడిగారు. జవాబుల్లో ముందున్నవి తిండి, ఇల్లు, పిల్లల్ని ఎవరు చూసుకుంటారు, కారు, కరెంటు బిల్లు. పాఠాలు కష్టమని కాదు. అప్పుడు క్యాంపస్‌లోనే ఫుడ్ ప్యాంట్రీ, సోషల్ వర్కర్లతో ఒక సెంటర్ నడిపారు. 2023లో ఆ కాలేజీకి, దేశంలో మంచి కమ్యూనిటీ కాలేజీలకు ఇచ్చే ఆస్పెన్ ప్రైజ్ వచ్చింది, కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ వ్యాలీ కాలేజీతో కలిపి.

నేను చెప్పేదేంటంటే, ఆయన్ని తీసుకునేటప్పుడు బోర్డుకు ఆయన ఏం చేస్తారో ఊహించుకోవాల్సిన అవసరం పడలేదు. చేసి చూపించింది ముందే ఉంది. మీరు కూడా "మా కాలేజీకి మీ విజన్ ఏంటి" అని అడగకండి. దానికి ఎవరైనా తయారుగా వస్తారు. "పోయిన చోట మీరు మొదలుపెట్టినదాంట్లో మీరు వచ్చేశాక కూడా నడుస్తున్నది ఏది?" అని అడగండి.

బే ఏరియా ప్రసాద్ | కాలిఫోర్నియా | మంగళవారం ఉదయం

నేను ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో చాలాకాలంగా ఇంగ్లిష్ కాంపోజిషన్ చెబుతున్నాను. మా కాలేజీ గురించి కాకుండా, అందరికీ తెలిసిన శాన్ ఫ్రాన్సిస్కో సిటీ కాలేజీ సంగతి చెబుతాను. పై కుర్చీలు నిలకడ లేకపోతే ఏమవుతుందో దానికన్నా పెద్ద పాఠం లేదు.

2012లో కాలేజీలకు గుర్తింపు ఇచ్చే అక్రిడిటేషన్ సంస్థ గట్టి హెచ్చరిక చేసింది. వాళ్లు తప్పుపట్టింది ముఖ్యంగా నాయకత్వాన్ని, పాలనను, డబ్బు లెక్కల్ని. పాఠాలు చెప్పే తీరును కాదు. 2013 జులైలో గుర్తింపు రద్దు చేస్తామని ప్రకటించారు. ఎన్నికైన ట్రస్టీల అధికారాలను పక్కనపెట్టి ఒక ప్రత్యేక ట్రస్టీని కూర్చోబెట్టారు. పూర్తి గుర్తింపు మళ్లీ చేతికొచ్చేసరికి 2017 జనవరి అయింది. ఈలోగా "కాలేజీ మూసేస్తారట" అన్న మాట ఊరంతా పాకి, పిల్లలు వేరే దారులు చూసుకున్నారు. అదే 2017లో నగరవాసులకు ట్యూషన్ ఉచితం చేసినా పాత సంఖ్య తిరిగి రాలేదు.

ఛాన్సలర్ కుర్చీలో 2012 నుంచి 2021 దాకా శాశ్వతంగానో తాత్కాలికంగానో కూర్చున్నవాళ్లను లెక్కపెడితే ఒక చేతి వేళ్లు చాలవు. ప్రతివాళ్లూ కొత్త ప్లాన్, కొత్త ఆర్గనైజేషన్ చార్ట్. కింద డీన్లకు ఎవరి మాట వినాలో తెలియదు.

అందుకని నా మొదటి సలహా, మూడూ ఒకేసారి భర్తీ చేయకండి. ముందు ప్రెసిడెంట్. తన జట్టును తనే ఎంచుకునే హక్కు లేకపోతే గట్టి మనిషి మీ దగ్గరికి రాడు. ఫైనాన్స్ మాత్రం మినహాయింపు. రిటైరయ్యే ఆయన్ని బతిమాలైనా బడ్జెట్ పాస్ అయ్యేదాకా ఉంచుకోండి.

సుబ్బారావు, విశ్రాంత ప్రిన్సిపాల్ | గుంటూరు, ప్రస్తుతం ఎడిసన్ | మంగళవారం మధ్యాహ్నం

అమ్మా కృష్ణవేణీ, ఆశీస్సులు. నేను మన దగ్గర డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్‌గా చేసి రిటైరయ్యాను. అమ్మాయి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఇక్కడి కాలేజీల పద్ధతి గమనిస్తుంటాను.

మన దగ్గర యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌ను వెతికేదీ సెర్చ్ కమిటీయే. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్‌గానో, పేరున్న పరిశోధన లేదా విద్యా పాలన సంస్థలోనో కనీసం పదేళ్లు చేసి ఉండాలి, కమిటీ మూడు నుంచి ఐదు పేర్లు పంపాలి. కాగితం మీద బాగానే ఉంటుంది. అయితే పదవీకాలం ఎప్పుడు ముగుస్తుందో మూడేళ్ల ముందే తెలిసినా వెతకడం సకాలంలో మొదలుపెట్టరు. తెలంగాణలో 2024 మే నెలలో ఒకేసారి పది యూనివర్సిటీల వీసీల గడువు తీరితే ఐఏఎస్ అధికారులను ఇన్‌ఛార్జులుగా వేశారు. కొత్తవాళ్లు వచ్చింది అక్టోబర్‌లో. ఆ ఐదు నెలలు ఏ పెద్ద నిర్ణయమైనా "కొత్త వీసీ రానీ" అని పక్కకు పోతుంది. ఇన్‌ఛార్జి ఎంత మంచివాడైనా అంతే.

ఇక్కడ నాకు నచ్చింది, పాఠం చెప్పే నీలాంటి అమ్మాయిని కమిటీలో కూర్చోబెట్టడం. మా రోజుల్లో లెక్చరర్లకు కొత్త బాస్ పేరు పేపర్లో చూస్తేనే తెలిసేది. నచ్చనిది, అభ్యర్థుల్ని అందరి ముందు నిలబెట్టి ప్రశ్నలడిగే ఈ ఓపెన్ ఫోరంలు. ఉన్న ఉద్యోగంలో గౌరవంగా ఉన్నవాడు తన పేరు బయటపడుతుందంటే అప్లై చేస్తాడా? పేర్లు గుట్టుగా ఉంచితేనే మంచివాళ్లు వస్తారని నా అభిప్రాయం.

ఓర్లాండో లలిత | ఫ్లోరిడా | మంగళవారం రాత్రి

సుబ్బారావు మాస్టారూ, మీ మాట సగం ఒప్పుకుంటాను. ఫ్లోరిడాలో 2022లో అదే కారణం చెప్పి చట్టం మార్చారు. ఒకప్పుడు అప్లై చేసినవాళ్లందరి పేర్లూ బయటికొచ్చేవి. ఇప్పుడు ఫైనలిస్టుల దశకు వచ్చాకే చెబుతారు. తొలి దశలో గుట్టు సరే. చివరిదాకా గుట్టు మాత్రం వద్దు.

నేను ఇక్కడ ఒక కాలేజీలో స్టూడెంట్ అడ్వైజర్‌ని. మా రాష్ట్రంలో రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూడండి.

వలెన్సియా కాలేజీలో శాన్‌ఫర్డ్ షుగార్ట్ 2000 నుంచి 2021 దాకా ప్రెసిడెంట్. 2011లో మొట్టమొదటి ఆస్పెన్ ప్రైజ్ ఆ కాలేజీకే. ఆయన తర్వాత వచ్చిన క్యాథలీన్ ప్లిన్స్కీ అక్కడే క్యాంపస్ ప్రెసిడెంట్‌గా పనిచేసిన మనిషి. పనులు ఎక్కడివక్కడ ఆగిపోలేదు.

మయామీ డేడ్‌లో కథ వేరు. ఎడ్వర్డో పద్రోన్ 1995 నుంచి 24 ఏళ్లు నడిపించి 2019లో దిగిపోయారు. కమిటీ కష్టపడి నలుగురు ఫైనలిస్టులను తేల్చింది. అందులో ఒకరు అక్కడ చదువుల వ్యవహారాలు చూసే ప్రొవోస్టే. ఆ జులైలో బోర్డు అర్హతలు మార్చి, మళ్లీ మొదటినుంచి వెతుకుదామని ఓటేసింది. ఫ్యాకల్టీ భగ్గుమన్నారు. తర్వాత ఇంటరిమ్ వచ్చారు, కోవిడ్ వచ్చింది. చివరికి 2020 నవంబర్‌లో మాడలిన్ పుమరియెగాను ఎంచుకున్నారు. ఆ కాలేజీలోనే చదివి, అక్కడే పనిచేసి, రాష్ట్రస్థాయిలో కాలేజీల వ్యవస్థను నడిపిన ఆవిడ. ఆ పదవికి మొదటి మహిళ. మంచి ఎంపికే. కానీ ఏడాదికి పైగా అంత పెద్ద కాలేజీ తాత్కాలికం మీద నడిచింది.

కృష్ణవేణి గారూ, దీన్నుంచి మీకు పనికొచ్చేది ఒకటుంది. అర్హతల కాగితం మీద బోర్డు చేత ముందే ఓటు వేయించండి. పీహెచ్‌డీ తప్పనిసరా, కాలేజీ బయటి అనుభవం చెల్లుతుందా, అన్నీ. ఒకసారి అప్లికేషన్లు తెరిచాక ఆ గీత చెరపకూడదు.

కరీంనగర్ వేణు | డాలస్ | మంగళవారం రాత్రి

అభ్యర్థుల్ని వెతికిపెట్టే సెర్చ్ ఫర్మ్‌ను పెట్టుకున్నారా మీ వాళ్లు? పెట్టుకుంటే ఎవరి పేర్లు కమిటీ దాకా రావాలో వాళ్లే జల్లెడ పడతారు. మొత్తం అప్లికేషన్లు మీరు చూస్తారా, వాళ్లు ఏరినవే చూస్తారా అన్నది మొదటి మీటింగ్‌లోనే తేల్చుకోండి అక్కా.

లెక్కల కృష్ణవేణి | టెక్సస్ | బుధవారం ఉదయం

వేణూ, థాంక్స్. పెట్టుకున్నారు. నిన్న అడిగాను. అర్హత ఉన్న ప్రతి అప్లికేషనూ పోర్టల్‌లో మాకు కనిపిస్తుందట, ఫర్మ్ తమ అభిప్రాయం పక్కన రాస్తుందట. దాంతో సగం భయం పోయింది.

లలిత గారూ, అర్హతల మీద ఓటు సంగతి మా చైర్‌కు చెప్పాను. ఆవిడకు నచ్చింది.

గుట్టు విషయానికొస్తే, టెక్సస్ చట్టంలో ఫైనలిస్టు పేరు తుది ఓటుకు కనీసం 21 రోజుల ముందు బయటపెట్టాలి. అంతకుముందు పేర్లు దాచుకోవచ్చు. దాంతో చాలా బోర్డులు "ఏకైక ఫైనలిస్టు" అని ఒక్క పేరే ప్రకటిస్తాయి. 21 రోజులు గడుస్తాయి, ఓటేస్తారు. చట్టం ప్రకారం తప్పేమీ లేదు. కానీ ఒక్కరినే చూపించి "మీ అభిప్రాయం చెప్పండి" అంటే ఇంకెవరితో పోల్చి చెప్పాలి? మా బోర్డు కనీసం ముగ్గురినైనా క్యాంపస్‌కు పిలవాలని నేను పట్టుబడుతున్నాను.

అనూష | టెక్సస్ | బుధవారం రాత్రి

మేడం, నేను విద్యార్థిని. మీ కాలేజీ కాదు, పక్క కౌంటీ. పెళ్లయి వచ్చాక హెచ్4 (భర్త ఉద్యోగ వీసా మీద వచ్చే వీసా) మీద కొన్నేళ్లు ఇంట్లో ఉన్నాను. ఇప్పుడు రెస్పిరేటరీ థెరపీ ప్రోగ్రామ్‌లో చేరడానికి ముందు కావాల్సిన కోర్సులు చేస్తున్నాను. పోయినసారి మా దగ్గర ప్రెసిడెంట్ అభ్యర్థులను పిలిచినప్పుడు ఫోరం బుధవారం మధ్యాహ్నం రెండింటికి పెట్టారు. నాకు క్లాసు సాయంత్రం ఆరింటికి. నాతో చదివేవాళ్లలో ఎక్కువమంది అప్పుడు డ్యూటీలో ఉంటారు. హాల్లో కూర్చున్నది స్టాఫ్, ముందు వరసలో డొనేషన్లు ఇచ్చేవాళ్లు. నేను సెలవు పెట్టుకుని వెళ్లాను కాబట్టి చూశాను.

ఒక అభ్యర్థి ముప్పై స్లైడ్లు చూపించారు. ఇంకొకావిడ స్లైడ్లు లేకుండా నిలబడి, "ఇక్కడ సాయంత్రం క్లాసులకు వచ్చేవాళ్లు ఎవరు? ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు ఎన్నింటికి మూస్తారు?" అని అడిగారు. ఐదింటికి అని చెప్పాను. "మరి మీరు ఎప్పుడు వెళ్తారు?" అన్నారు. లంచ్ టైంలో కారులో వచ్చి లైన్లో నిలబడి, నంబర్ రాకముందే మళ్లీ డ్యూటీకి పరిగెత్తుతాం అని చెప్పాను. ఆవిడ రాసుకున్నారు. సెలెక్ట్ అయింది ఆవిడ కాదు. ఆఫీసు ఇప్పటికీ ఐదింటికే మూస్తారు.

మీ ఫోరం దయచేసి రాత్రి ఒకటి పెట్టించండి.

బే ఏరియా ప్రసాద్ | కాలిఫోర్నియా | బుధవారం రాత్రి

అనూష గారు చెప్పింది ప్రింట్ తీసి కమిటీలో అందరికీ పంచాలి.

లలిత గారి మాటకు చిన్న అభ్యంతరం. లోపలివాళ్లు వస్తే పనులు ఆగవన్నది నిజమే, కానీ అది వలెన్సియాలాగా ఇరవై ఏళ్లు బాగా నడిచిన చోట. ఇల్లు చక్కగా ఉంటే తాళాలు ఇంట్లోవాళ్లకే ఇవ్వొచ్చు. కృష్ణవేణి గారి కాలేజీలో ముగ్గురు ఒకేసారి వెళ్లిపోతున్నారంటే ఎందుకో ముందు తెలుసుకోవాలి. జీతమా, బోర్డుతో గొడవా, మామూలు వయసు కారణమా? కారణం బోర్డే అయితే లోపలివాళ్లొచ్చినా బయటివాళ్లొచ్చినా మూడేళ్లకు మళ్లీ ఇదే కమిటీ వేసుకోవాలి.

అమెరికాలో ప్రెసిడెంట్లు ఉన్న కుర్చీలో గడిపిన కాలం 2006లో సగటున ఎనిమిదిన్నరేళ్లు. 2023కి ఆరేళ్ల లోపుకు వచ్చింది. ఇది అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సర్వే మాట, అన్ని రకాల కాలేజీలూ కలిపి. కాబట్టి రెజ్యూమెలో ఒక చోట మూడేళ్లే ఉంటే భయపడక్కర్లేదు. వరసగా నాలుగు చోట్ల రెండేసి ఏళ్లుంటే మాత్రం ప్రతి చోటా ఎందుకు వచ్చేశారో అడగండి.

ఓర్లాండో లలిత | ఫ్లోరిడా | గురువారం ఉదయం

ప్రసాద్ గారూ, ఆ అభ్యంతరం సబబే. కానీ ఇంటరిమ్‌గా ఉన్న ఆ డీన్ అప్లై చేస్తే? రెండు ఉద్యోగాలు భుజాన వేసుకుని నడిపిస్తున్న మనిషిని "కొత్త రక్తం కావాలి" అని ఇంటర్వ్యూకు కూడా పిలవకపోతే, ఆవిడ పోయేటప్పుడు ఇంకో నలుగురు పోతారు. లోపలివాళ్లకు మొగ్గు వద్దు, కానీ అదే ప్రశ్నలు, అదే గంటన్నర, అదే గౌరవం ఇవ్వాలి. ఉద్యోగం రాకపోతే ఆ సంగతి బోర్డు చైర్ స్వయంగా ఫోన్ చేసి చెప్పాలి. ఈమెయిల్‌లో తెలుసుకున్నవాళ్లను నేను చూశాను. ఆ గాయం మానదు.

శ్రీకర్ | రౌండ్ రాక్ | గురువారం మధ్యాహ్నం

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. టెక్సస్‌లో 2023లో హౌస్ బిల్ 8 అనే చట్టం వచ్చింది. అంతకుముందు రాష్ట్రం ఇచ్చే డబ్బు చాలావరకు క్లాసు గంటల లెక్కన వచ్చేది. ఇప్పుడు ఎక్కువగా ఫలితాల లెక్క. డిగ్రీనో సర్టిఫికెట్టో పూర్తి చేసినవాళ్లు, కనీసం 15 క్రెడిట్లతో యూనివర్సిటీకి మారినవాళ్లు, హైస్కూల్లో ఉండగానే 15 క్రెడిట్లు పూర్తి చేసినవాళ్లు, వీళ్లను బట్టి వస్తుంది.

వేరే రాష్ట్రం నుంచి వచ్చే అభ్యర్థికి ఇది తెలుసా లేదా అన్నది పెద్ద పరీక్ష. "ఈ పద్ధతిలో డబ్బు పెరగాలంటే తేలిగ్గా పాసయ్యేవాళ్లను మాత్రమే చేర్చుకోవచ్చు. మీరేం చేస్తారు?" అని సూటిగా అడగండి. అనూషలాంటి వాళ్లు ఒక్కో టర్మ్‌కు ఒక్కో కోర్సు చేసుకుంటూ వస్తారు. వాళ్లు పూర్తి చేయడానికి ఏళ్లు పడుతుంది. వాళ్లను బరువనుకునే మనిషి కమ్యూనిటీ కాలేజీకి వద్దు.

కరీంనగర్ వేణు | డాలస్ | గురువారం రాత్రి

శ్రీకరన్న పాయింట్‌కు ఇంకోటి కలుపుతా. మా డాలస్‌లో ఏడు కాలేజీలుండేవి. నార్త్ లేక్, రిచ్‌లాండ్, బ్రూక్‌హేవెన్ అన్నీ వేటికవే, ఒక్కోదానికి ఒక్కో ప్రెసిడెంట్. 2020లో అన్నీ కలిపి ఒకే డాలస్ కాలేజీ చేశారు. నాలుగు చోట్ల నాలుగు కోర్సులు చేసిన పిల్లవాడికి, ఏదో ఒక కాలేజీలో పావు వంతు క్రెడిట్లు లేవని డిగ్రీ ఆగిపోయే సమస్య దాంతో తీరింది. అప్పటి ఛాన్సలర్ జో మే హయాంలో జరిగింది. ఆయన తర్వాత జస్టిన్ లోనన్ కూడా లోపలి మనిషే.

అంటే ఎవరిని తీసుకోవాలి అనే ముందు ఎన్ని కుర్చీలు, ఏ కుర్చీకి ఏ పని అనేది తేల్చాలి. అక్కా, మీకు ముగ్గురు పోతున్నారు కదా, ఆ మూడూ అలాగే నింపాలా అన్నది కొత్త ప్రెసిడెంట్‌ను అడగొచ్చు.

సుబ్బారావు, విశ్రాంత ప్రిన్సిపాల్ | గుంటూరు, ప్రస్తుతం ఎడిసన్ | శుక్రవారం ఉదయం

చదువుతూ ఉంటే ఫోరంల మీద నా పట్టు కొంచెం సడలింది, అనూష రాసిందాని వల్ల. చివరి దశలో పిల్లల ముందు నిలబెట్టాల్సిందే.

ఒక్క ముక్క, రెఫరెన్సుల గురించి. అభ్యర్థి ఇచ్చిన పేర్లకు ఫోన్ చేస్తే పొగడ్తే వినిపిస్తుంది. నేను ప్రిన్సిపాల్‌గా ఉన్నప్పుడు ఎవరినైనా తీసుకోవాలంటే పాత కాలేజీ ఆఫీస్ సూపరింటెండెంట్‌ను, లైబ్రేరియన్‌ను కనుక్కునేవాణ్ని. పైవాళ్లతో ఎలా ఉంటాడో అందరూ చెబుతారు. కిందివాళ్లతో ఎలా ఉంటాడో వాళ్లకే తెలుసు.

లెక్కల కృష్ణవేణి | టెక్సస్ | ఆదివారం సాయంత్రం

అందరికీ చాలా థాంక్స్. శుక్రవారం కమిటీ కూర్చుంది. జరిగింది చెప్పగలిగినంత చెబుతాను.

ప్రెసిడెంట్ పోస్టు ఒక్కటే ఇప్పుడు ప్రకటిస్తున్నారు. ఫైనాన్స్ ఆయన బడ్జెట్ ఆమోదం దాకా ఉండటానికి ఒప్పుకున్నారు. చదువుల వైస్ ప్రెసిడెంట్‌గా ఇంటరిమ్ డీన్ కొనసాగుతారు, ఆవిడ పాత పనిలో సగం వేరేవాళ్లకు ఇచ్చారు. అర్హతల కాగితం వచ్చే బోర్డు మీటింగ్‌లో ఓటుకు వస్తుంది. పీహెచ్‌డీ "ఉంటే మంచిది" అని రాయించాం, "తప్పనిసరి" అని కాదు. దీని మీద గంటసేపు వాదన నడిచింది.

ముగ్గురిని పిలవడం మీద ఇంకా తేలలేదు. ఇద్దరు ట్రస్టీలు ఒక్క ఫైనలిస్టే చాలంటున్నారు. నేను వదలను. అనూషా, నీ పేరు చెప్పకుండా నీ పోస్టు చదివి వినిపించాను. అభ్యర్థి ఒక్కొక్కరికీ రెండు ఫోరంలు, ఒకటి రాత్రి ఏడున్నరకు, నర్సింగ్ బిల్డింగ్‌లోనే పెట్టడానికి ఒప్పుకున్నారు. రికార్డ్ చేసి, అభిప్రాయాలు పంపడానికి నాలుగు రోజులు గడువిస్తారు.

ఇంటర్వ్యూలో నాకు రెండు ప్రశ్నల అవకాశం ఉంది. మొదటిది శ్రీకర్ గారి హౌస్ బిల్ 8 ప్రశ్న. రెండోది నాది. "లెక్కల్లో వెనకబడి వచ్చిన పిల్లవాడు రెండోసారి కూడా కాలేజీ ఆల్జీబ్రా ఫెయిలయ్యాడు. మీ కాలేజీలో ఆ వారం వాడికి ఎవరు ఫోన్ చేస్తారు? ఎవరూ చేయకపోతే మీకు ఎలా తెలుస్తుంది?"

బే ఏరియా ప్రసాద్ | కాలిఫోర్నియా | ఆదివారం రాత్రి

రెండో ప్రశ్న చాలా బాగుంది. వాళ్లు ఏదో సాఫ్ట్‌వేర్ పేరు చెబితే అక్కడితో వదలకండి, అలర్ట్ వచ్చాక ఏ మనిషి ఏం చేస్తాడని మళ్లీ అడగండి. ఆ ఇద్దరు ట్రస్టీలతో విడివిడిగా మాట్లాడండి, మీటింగ్‌లో ఓడించాలని చూడొద్దు. వాళ్ల పదవీకాలం ఎప్పటిదాకా ఉందో కూడా చూడండి.

శ్రీకర్ | రౌండ్ రాక్ | ఆదివారం రాత్రి

ప్రసాద్ గారు చివర్లో అన్నది ముఖ్యం. టెక్సస్‌లో ట్రస్టీలను ఎన్నుకునేది మనమే, చాలా చోట్ల ఆరేళ్లకోసారి. ఓటు హక్కు ఉన్న మనవాళ్లు కూడా బ్యాలెట్ కింద దాకా రాకుండానే వచ్చేస్తారు. కృష్ణవేణి గారూ, మీ బోర్డు మీటింగ్ ఎజెండా ఆన్‌లైన్‌లో ఎప్పుడు పెడతారో చెప్పండి. పబ్లిక్ కామెంట్‌కు ముందే పేరు ఇవ్వాల్సి ఉంటుంది. మీ కౌంటీలో ఉన్న మా ఫ్రెండ్స్ ఇద్దరు వచ్చి ముగ్గురు ఫైనలిస్టుల గురించి మాట్లాడటానికి సిద్ధంగా ఉన్నారు.